నాలుగు బకెట్ల నీళ్లు

చిరంజీవి అల్లుడు రంబాంగ్‌కు అత్త ఆశీస్సులు. ఇక్కడ లమియాంగ్, పసిది, నేను బాగానే ఉన్నాం. ఆ జైలుకూడు నీ ఒంటికి పడుతోందో లేదోనన్నదే మా బెంగ.

పసిదానికి రెండు పళ్లొచ్చాయి. తల్లికి పాలు సరిపోతున్నాయా అని అడిగావు. రోజూ కలాకాయ్ మొక్క చిగుళ్లు వండి పెడుతున్నాను. "ఇంకా ఈ ఆకేనా అమ్మా? నేనేమన్నా గేదెనా?" అంటూనే తింటుంది. కాలిన నేల మీద ఇప్పుడు దొరికే కూర అదొక్కటే.

మన పాంతుంగ్ చెట్లు చిగురించాయా అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. నేను దాటేశాను. లేదు నాయనా. లమియాంగ్ చిన్నప్పుడు మొదటిసారి కాలితే మోడులన్నీ చిగురు వేశాయి. రెండోసారి కాలాక సగమే లేచాయి, వాటికి నువ్వే కర్రలు పాతి నిలబెట్టావు. ఈ మూడోసారి మట్టిలోని విత్తనం కూడా మాడిపోయింది. నేల మోకాలి లోతు కుంగింది. వానలకు నీళ్లు నిలిచి, ఎక్కడినుంచో కొట్టుకొచ్చి మొలిచిన మొక్క కూడా కుళ్లిపోయింది. కలాకాయ్, తుంగ తప్ప ఏమీ లేదు. పెద్దయ్యాక గాటు పెట్టి జిగురు పాలు తీసి అమ్ముదామనుకున్నావే, ఆ చెట్లలో ఒక్కటీ మిగల్లేదు. అటు చూస్తే ఏడుపొస్తోంది.

ఇంకో మాట ఉంది. ఆ నిప్పు నాది.

కాలవగట్టున గుమ్మడి పాదు పెడదామని ఎండిన కలాకాయ్ కుప్ప తగలబెట్టాను. నాలుగు బకెట్ల నీళ్లు పోసి, కాలితో తొక్కి చూశాను. చల్లగానే ఉంది. ఆకులూ వేళ్లూ కుళ్లి పేరుకున్న మన నల్లనేల అడుగునుంచి రాజుకుంటుందని పుట్టినప్పటినుంచీ ఎరిగినదాన్ని, తవ్వి చెయ్యి పెట్టి చూడలేదు. పదకొండో రోజున అది నీ చెట్ల కింద పైకి లేచింది. ఆర్పడానికి పరుగెత్తింది నువ్వు. నీ జేబులో సిగరెట్ల లైటర్ దొరికిందని పోలీసులు పట్టుకుపోతుంటే, పసిదాన్ని ఎత్తుకుని నోరు మూసుకుని నిలబడ్డాను. భయపడ్డాను, నాయనా.

నిన్న లమియాంగ్ ఊరిపెద్దను నిలదీసింది. "మా ఆయనకి పొయ్యి రాజెయ్యడమే చేతకాదు పెద్దయ్యా, అడివి తగలబెడతాడా?" అంది. ఆయన నవ్వాడు. పక్కనే ఉన్న నేనూ నవ్వాను. రాత్రంతా నా మీద నాకే అసహ్యం వేసింది.

దానికి ఇంకా చెప్పలేదు, ముందు నీకే రాస్తున్నాను. "పోనీలే అత్తా, ఊరుకో" అంటావని తెలుసు. అందుకే నిన్ను అడగడం లేదు. అక్కడికొచ్చే ప్రతి ఉత్తరాన్నీ జైలువాళ్లు ముందు విప్పి చదువుతారట. చదవనీ. వాళ్లు వెతుక్కోనక్కర్లేకుండా పేరు, ఇల్లు కింద రాస్తున్నాను.

ఇట్లు,
నీ అత్త,
సంబాయ్ కూతురు రుహాయ్,
కాలవ మొదట్లో మూడో ఇల్లు.