హాఫ్‌టైమ్‌లో అవతలి గోలు దాకా

కిల్‌షా, యార్క్‌షైర్
28 సెప్టెంబరు 2020, సోమవారం

శ్రీ గారెత్ ప్రౌస్ గారికి,
ప్రజా భద్రతాధికారి,
ఎడ్‌డేల్ జిల్లా కౌన్సిల్.

అయ్యా,

విషయం: కిల్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలోకి ప్రేక్షకులను రానివ్వకూడదని ఈ నెల 24న తమరు పంపిన ఉత్తర్వుపై మనవి.

ఉత్తర్వుపై చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే పద్నాలుగు రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పుకోవచ్చునని దాని అడుగునే ఉంది. నాలుగు రోజులు గడిచాయి. ఇంకా ఆగితే రాసే ధైర్యం ఉండదేమోనని ఈరోజే రాస్తున్నాను. ఈ క్లబ్బుకు నేను ముప్పై ఒక్క ఏళ్లుగా గౌరవ కార్యదర్శిని. అంతకుముందు ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పాను. వయసు డెబ్బై ఎనిమిది. ఇద్దరు మనవరాళ్లు. ఇంతవరకు ఏ కార్యాలయానికీ తప్పు కాగితం పంపి ఎరగను.

నా ఫిర్యాదులు వరుసగా మనవి చేసుకుంటున్నాను.

1. మా మైదానంలో జనం చూస్తుండగా జరిగిన చివరి ఆట మార్చి 7, శనివారం. వచ్చినవారు నూట నలభై ముగ్గురు, రెండు కుక్కలు. రెండు గోల్స్‌కు ఒక గోలుతో ఓడిపోయాం. ఆ తర్వాత లాక్‌డౌన్. పెద్ద లీగుల క్లబ్బులు ఖాళీ స్టేడియాల్లో ఆడినా లోకమంతా టీవీలో చూస్తుంది. మాలాంటి చిన్న క్లబ్బుకు కెమెరా రాదు. మైదానం చుట్టూ ఉన్న కమ్మీ పక్కన మనుషులు నిలబడకపోతే మా ఆట ఎవరూ చూడనట్టే లెక్క. అందుకే చిన్న క్లబ్బులకు కొద్దిమంది ప్రేక్షకులను అనుమతించవచ్చునని ప్రభుత్వం ఆగస్టులో చెప్పగానే, తమరి ఫారం తెప్పించి, ఇరవై రెండు పేజీలూ నా చేత్తోనే నింపి, గడువుకు ఆరు రోజుల ముందే అందజేశాను.

2. ఆ ఫారంలో పద్నాలుగో ప్రశ్న ఇది: "ఆట ముగిసేవరకు ప్రేక్షకులు తమకు కేటాయించిన చోటనే ఉంటారా?" దాని కింద ఉంటారు, ఉండరు అని రెండు గళ్లు ఉన్నాయి. నేను "ఉండరు" అన్నదానికి టిక్కు పెట్టి, పక్క ఖాళీలో కారణం రాశాను. మావాళ్లు ఎప్పుడూ అవతలి జట్టు గోలు వెనకే నిలబడతారు, మన గోల్స్ పడేది అక్కడే కనుక. హాఫ్‌టైమ్‌లో జట్లు వైపులు మారతాయి. జనమూ కమ్మీ వెంట నడిచి ఈ చివరి నుంచి ఆ చివరికి మారతారు. అవతలి ఊరివాళ్లు ఎదురొస్తారు. మీ గోల్‌కీపరుకు కళ్లజోడు కొనివ్వండయ్యా అని వీళ్లు, మీ మాంసం బన్ను తిన్నాక మావాడికి కళ్లు కనబడడం లేదని వాళ్లు, దారిలోనే అనుకుంటారు. మా తాత కాలం నుంచీ ఇంతే. అడిగిన ప్రశ్నకు ఉన్నమాట రాశాను.

3. దానిమీద తమరు సెప్టెంబరు 2న ఉదయం పదీ పదికి ఫోను చేశారు. ఆ సంభాషణ అప్పుడే రాసి పెట్టుకున్నాను. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, తేడా ఉంటే తెలియజేయవలెను.

"హెప్‌వర్త్ గారూ, ఆ పద్నాలుగోదానికి 'ఉంటారు' అని టిక్కు పెట్టి ఇంకో ఫారం పంపేయండి. సాయంత్రంలోగా సంతకం పెట్టేస్తాను."

"కాని వాళ్లు ఉండరు కదండీ."

"అందరూ అదే పెట్టారమ్మా. మీరొక్కరే ఇలా రాశారు."

"అయితే తమరి దగ్గర ఒక్క సరైన ఫారమైనా ఉందన్నమాట."

 తమరు నవ్వారు. నవ్వులో కోపం లేదని గమనించాను, అందుకు కృతజ్ఞురాలిని. మిగతా క్లబ్బులు ఏం రాశాయో నాకు తెలియదు. ఏం చేస్తున్నాయో మాత్రం ఒకచోట బస్సు పైఅంతస్తులో కూర్చుని కళ్లారా చూశాను. అక్కడా హాఫ్‌టైమ్‌లో జనం నడుస్తున్నారు. ఏ క్లబ్బో రాయను. తమరు అడిగితే అబద్ధం చెప్పలేను, కాబట్టి అడగవద్దని మనవి.

4. నడక అంటే గుంపు అనుకుంటారేమోనని లెక్క కట్టి పంపాను. నూట నలభై ముగ్గురు, మనిషికీ మనిషికీ నడుమ రెండు మీటర్లు. ఈ గోలు వెనక నుంచి ఆ గోలు వెనకకు కమ్మీ వెంట నూట ఎనభై మీటర్ల దారి. నడక సెకనుకు డెబ్బై సెంటీమీటర్లు, మావాళ్ల మోకాళ్లు చూసి వేసిన వేగం ఇది. మావాళ్లు తూర్పు పక్కగా, అవతలి ఊరివాళ్లు పడమటి పక్కగా. అందరూ ఒకే పక్కగా నడిచినా పదకొండు నిమిషాల మూడు సెకన్లలో నడక పూర్తవుతుంది. విరామం పదిహేను నిమిషాలు. ఈ లెక్కకు తమరి కార్యాలయం నుంచి వచ్చిన జవాబు, ఫారంలో దీనికి గడి లేదని.

5. ఇక్కడ ఒక ఇంటి సంగతి రాయక తప్పదు. మా ఆయన క్లిఫర్డ్‌కు ఎనభై ఒకటి. ముప్పై ఎనిమిదేళ్లు ఈ ఊరికి ఉత్తరాలు పంచాడు. మూడేళ్లుగా మతిమరుపు జబ్బు. మార్చిలో మనవరాళ్ల పేర్లు తడుముకుంటూ చెప్పేవాడు. మే నెలకు నా పేరు పోయింది. పోస్టాఫీసు కౌంటరులో కూర్చునే ఆవిడననుకుంటాడు. టీ ఇస్తే, "చాలా థాంక్సండీ మేడమ్, మీకు శ్రమ" అంటాడు. యాభై నాలుగేళ్ల కాపురంలో ఆయన నాతో ఇంత మర్యాదగా ఎన్నడూ మాట్లాడలేదు. శనివారాలు మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. మధ్యాహ్నం అయ్యేసరికి నా భుజం పట్టుకుని మైదానం గేటు దగ్గరికి నడుస్తాడు. గేటు పట్టుకుని నిలబడతాడు. లోపల ఎవరూ లేరేంటండీ అని అడుగుతాడు. కరోనా వచ్చింది, ఆటలు లేవు అని చెబుతాను. అయ్యో అంటాడు. ఇప్పటికి ఇరవై ఎనిమిది శనివారాలు ఆ అయ్యో విన్నాను. ప్రతిసారీ ఆయనకది కొత్త కబురే. ఈ చలికాలం దాటాక గేటు దాకా దారి కూడా గుర్తుంటుందని చెప్పలేనని డాక్టరు ఆగస్టులో అన్నాడు.

6. తమరు దయతో ఒక అవకాశం ఇచ్చారు. పన్నెండు మందిని గుర్తులు వేసిన చోట్లలో నిలబెట్టి, ఆట ముగిసేదాకా కదలకుండా ఉంచి చూపిస్తే మా ఫారం మళ్లీ పరిశీలిస్తామన్నారు. సెప్టెంబరు 19, శనివారం, మా మొదటి జట్టుకూ రెండో జట్టుకూ ఆట పెట్టాం. కాలువ వైపు గోలు వెనక సున్నంతో పన్నెండు వలయాలు నేనే గీయించాను. ఎవరెవరు వస్తారో నేనే ఎంచాను. ఒక్కొక్కరికీ ఫోను చేసి మాట తీసుకున్నాను. మా అధ్యక్షుడు రెజ్ బ్రాడ్‌బెంట్, మాంసం కొట్టు రెజ్, "డోరీన్, నలభై అయిదు నిమిషాలు నిలబడ్డాక నా కాళ్లు వాటంతటవే అటు పోతాయి, నేనేం చెయ్యను?" అన్నాడు. కాళ్లకు చెప్పుకోమన్నాను.

క్లిఫర్డ్‌కు పదకొండో వలయం, నాకు పన్నెండోది. ఇంట్లో ఒంటరిగా వదలలేను కనుక తీసుకెళ్లాను. కదలవద్దని ఏడుసార్లు చెప్పాను. సరేనన్నాడు. ఆయన సరే అంటే చాలుననుకున్నాను. లెక్కలో నేను చేసిన తప్పు ఇదే.

7. తమరు పంపిన కుమారి ఇంగ్రమ్ మంచి పిల్ల. వర్షంలో తొంభై నిమిషాలూ నిలబడింది. ఆమె రాసిన నివేదికలో ఒక వాక్యం ఉంది: "విరామ సమయంలో పన్నెండు మందీ తమ స్థానాలు వదిలి మైదానం అవతలి చివరకు వెళ్లారు." తిరస్కారానికి తమరు చూపిన కారణం ఈ ఒక్క వాక్యమే. ఆ రోజు జరిగింది ఇది.

రిఫరీ విజిల్ ఊదాడు. ఆటగాళ్లు లోపలికి వెళ్లారు. క్లిఫర్డ్ టోపీ సర్దుకుని వలయం దాటాడు.

"క్లిఫ్, అక్కడే ఉండు" అన్నాను.

"మీరు రారా మేడమ్? ఆట అటు పోతుంటే ఇక్కడేం కనిపిస్తుందండీ?" అన్నాడు.

చెయ్యి చాస్తే చొక్కా చెయ్యి అందేది. చాచలేదు. ఎందుకు చాచలేదో నాకే తెలియదు కనుక రాయలేను. ఆరు నెలలుగా మంచం నుంచి కుర్చీకి నా భుజం పట్టుకుని నడిచే మనిషి, ఎవరినీ పట్టుకోకుండా, కమ్మీ మీద ఒక వేలు మాత్రం ఆనించి నడుస్తున్నాడు. కుమారి ఇంగ్రమ్ వెంట వెళ్లి, తాతగారూ, దయచేసి మీ చోటికి వచ్చేయండి అంది. కొత్తదానివా అమ్మా, నాతో రా, మంచి చోటు చూపిస్తా అన్నాడట.

అప్పుడు నాలుగో వలయంలోంచి రెజ్, "ముసలోడు ఒక్కడే పోతున్నాడేంట్రా" అంటూ కదిలాడు. తర్వాత మిగిలినవారు. పదిమందీ, ఒకరి వెనక ఒకరు, రెండేసి మీటర్ల దూరంలో నడిచారు. ఆ దూరం తప్పలేదని నేను సాక్ష్యం చెబుతాను. క్లిఫర్డ్ ఆ చివరికి చేరడానికి ఆరు నిమిషాల పది సెకన్లు పట్టింది. ఆయన్ని దాటి ఎవరూ ముందుకు పోలేదు.

8. కాబట్టి కదిలింది పదకొండు మంది. పన్నెండో వలయంలో నేను ఆట ముగిసేదాకా ఉన్నాను. రెండో సగమంతా కాలువ వైపు నేనొక్కదాన్నే. బంతి నా వైపు రాలేదు. నివేదికలో పన్నెండు అని ఉండడం తప్పు. నేను నియమం తప్పానని ఒక సర్కారు కాగితం మీద ఉండడం ఇదే మొదటిసారి. అది నిజమై ఉంటే బాగుండునని ఈ నాలుగు రోజులుగా అనుకుంటున్నాను.

9. కారణం ఇది. ఆట మర్నాడు, ఆదివారం, రెజ్ మా ఇంటికి వచ్చాడు. గేటు అవతలే నిలబడి టోపీ తీశాడు. రెజ్ ఎవరి ముందూ టోపీ తీసే మనిషి కాదు.

"చెప్పాలా వద్దా అని చూస్తున్నా, డోరీన్."

"వచ్చావు కదా, చెప్పు."

"గోలు పడింది కదా. పడగానే క్లిఫ్ పక్కకు తిరిగి, మా డోరీన్ ఏదిరా అన్నాడు."

"పేరు పెట్టి అడిగాడా?" అన్నాను.

"పేరు పెట్టే అడిగాడు. అదుగో, అటు చివర ఉందిరా అని చూపించా. చెయ్యెత్తి ఊపాడు. నువ్వు చూడలా."

చూడలేదు. తల వంచుకుని పుస్తకంలో గోలు పడిన నిమిషం రాసుకుంటున్నాను. డెబ్బై ఒకటో నిమిషం.

ఆట ముగిశాకే నేను నా చోటు వదిలి కమ్మీ వెంట నడిచి ఆయన దగ్గరికి చేరాను. "మీరు కూడా వచ్చారా మేడమ్, సంతోషం" అన్నాడు. ఆ తర్వాత ఇంతవరకు ఆ పేరు మళ్లీ అనలేదు. ఇంట్లో విజిల్ ఊది చూశాను. ఉపయోగం లేదు.

10. ఈ మనవిలో క్లబ్బు ప్రయోజనంతోపాటు నా స్వార్థం కూడా ఉందని తమరికి తెలియాలి కనుక పై సంగతి రాశాను. లేకపోతే రాసేదాన్ని కాను. తమరు ఫోనులో చెప్పినట్టు చేసి ఉంటే ఈపాటికి మూడు ఆటలు చూసి ఉండేవాళ్లం. మూడుసార్లు ఆయన పక్కన నడిచి ఉండేదాన్ని. శుక్రవారం కొత్త ఫారం తీసుకుని పద్నాలుగో ప్రశ్న దగ్గర కూర్చున్నాను. "ఉంటారు" గడిలో కలం పెట్టాను. చుక్క పడింది, గీత సాగలేదు. రెండు ఫారాలు అలా పాడయ్యాయి. కౌన్సిలు ఆస్తి కనుక వాటిని దీనితో తిప్పి పంపుతున్నాను.

ఇంతకుమించి ఏం చేయాలో నాకు తోచడం లేదు. ఈ నాలుగు కాగితాలు తమరు స్వయంగా చిత్తగించవలెను. కింది గుమాస్తాలకు పంపకుండా, కూర్చుని, మొదటి నుంచి చివరి వరకు.

తమ విధేయురాలు,
డోరీన్ హెప్‌వర్త్
గౌరవ కార్యదర్శి, కిల్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు

జత: ఇక జరగవలసినవి

1. నివేదికలో "పన్నెండు మంది" అన్నచోట "పదకొండు మంది" అని దిద్దించవలెను. ఇందువల్ల కుమారి ఇంగ్రమ్‌కు మాట రాకూడదు. వర్షంలో ఎవరికైనా లెక్క తప్పుతుంది.

2. పదకొండు నిమిషాల మూడు సెకన్ల నడకను ఒప్పుకుని, అక్టోబరు 3, శనివారం ఆటకు జనాన్ని రానివ్వవలెను. నూట నలభై ముగ్గురు ఎక్కువనుకుంటే సగం మందినైనా.

3. అది కుదరకపోతే అందరినీ వలయాల్లోనే నిలబెడతాను. హాఫ్‌టైమ్‌లో ఇద్దరు మాత్రం నడవడానికి అనుమతి ఇవ్వవలెను. ఒకే ఇంటివాళ్లం కనుక మా నడుమ రెండు మీటర్లు అక్కర్లేదు.

4. అదీ కుదరకపోతే, ఆటా జనమూ లేకుండా, ఏదో ఒక శనివారం ఒక గంటసేపు మమ్మల్నిద్దరినీ లోపలికి పోనివ్వవలెను. మైదానం తాళంచెవి కార్యదర్శిగా నా దగ్గరే, వంటింటి మేకుకు ఉంది. తమరి కాగితం లేకుండా ఆ తాళం నేను తీయను. తీయగలిగితే బాగుండును. కాబట్టి కాగితం త్వరగా పంపవలెను.