వదిన మీద పడ్డ నింద

అమ్మా రూబీ, మీ వదిన కాదమ్మా! నీ డాక్టరు రిపోర్టు బయటపెట్టింది మన జ్ఞానసుందరి కాదు, కాదు, కాదు!

ముందు వందనాలు రాయాలి, సంతోషంలో వరస తప్పాను. ప్రభువు దయ వల్ల గజపతినగరంలో అందరం కులాసా. కోరాపుట్ చలిలో నువ్వూ కులాసాగా ఉన్నావని నమ్ముతున్నాను. నీ సంగతులేవీ ఇక ఫోన్లో పెట్టొద్దన్నావు కదా, అందుకే కవరు కొని, జిగురు గట్టిగా అంటించి పంపుతున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గలేదు, అయినా చర్చికి నడిచే వెళ్తోంది. నువ్వు పనిచేసిన హాస్టల్ వాళ్లు కబురేమీ చెయ్యలేదు. ఫిట్స్ ఉన్న మనిషిని పిల్లల దగ్గర ఉంచబోమని పంపేసినవాళ్లు మళ్లీ ఎందుకు పిలుస్తారమ్మా. మాత్రలు మాత్రం మానకు. "వదిన ఇంకా మనింట్లోనే ఉందా" అని రాశావు. ఉంది. ఇంట్లో ప్రార్థన కూడిక రోజున అందరి ముందూ నువ్వన్న మాటల తరవాత ప్రభువు బల్లలో పాలుపొందడం మానేసింది. రొట్టె పళ్లెం వస్తే తల దించుకుని పక్కవాళ్లకి అందించేస్తుంది.

నీ అనుమానమూ ఊరికే పుట్టలేదు. ఊరంతా తిరిగిన ఆ ఫొటోలో నీ రిపోర్టు కంప్యూటర్ తెర మీద ఉంది. మనింట్లో కంప్యూటర్ ఉన్నది ఆమెకే. నువ్వు నా ఫోన్‌కి పంపిన ఆ ఇంగ్లీషు రిపోర్టును చదివి నాకు చెప్పిందీ ఆమే. సొంత మొగుడు, మీ అన్నయ్య విక్టర్ కూడా ఆమెను అదోలా చూశాడు.

అలాంటి మనిషి నెల రోజులుగా నాకు ఫోనూ కంప్యూటరూ నేర్పుతోంది రూబీ! డెబ్భై ఏళ్లవాడికి! ఓటీపీ కన్నకొడుక్కైనా చెప్పకూడదట. ఫోన్ తాళానికి పుట్టిన సంవత్సరం పెట్టకూడదట. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి పేరు కొడితే ఎంత పొడుగు జాబితాలోనైనా ఆ పేరు దగ్గరికి తీసుకుపోతుంది. సంఘం జాబితాలో నీ పేరు అలాగే వెతికాను. పసుపురంగులో మెరిసింది. ఏడుపొచ్చింది.

మొన్న సోమవారం వాట్సాప్‌లో మూడు చుక్కలు నొక్కించి, నా వాట్సాప్ ఇంకెక్కడ తెరిచి ఉందో ఇక్కడ చూసుకోవచ్చంది సుందరి. చూసి, తనే ఆగిపోయింది.

"ఇదేటి మావా, ఏదో కంప్యూటర్లో తెరిసే ఉన్నాది. ఈ పొద్దున్న కూడా వాడినారు. నాది కాదిది. ఎక్కడ స్కాన్ సేసినావు?"

ఫోన్ ఆమె చేతికిచ్చేశాను.

ఇక దాచను తల్లీ. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో జబ్బుపడ్డవాళ్ల కాగితాలు బల్ల మీద పెట్టి ప్రార్థిస్తారు కదా. నీదీ పెట్టాలనిపించింది, ఎవరికీ కనబడకుండా మడిచి, పేరు చెప్పకుండా. నీ రిపోర్టు వచ్చిన కొత్తలో, ఒక శుక్రవారానికి ముందురోజు బస్‌స్టాండు పక్క జిరాక్స్ కొట్టుకి వెళ్లాను. తెర చూపించి స్కాన్ చెయ్యమన్నారు, చేశాను. ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. నా వాట్సాప్ ఆ తెర మీదే ఉండిపోయింది. లాగౌట్ అనేది ఒకటుంటుందనే నాకు తెలియదు. అక్కడ నిలబడ్డవాళ్లలో ఎవరు ఫొటో తీశారో దేవుడికే తెలుసు. నీ ఉద్యోగం పోగొట్టింది నేనమ్మా, నీ కోసం ప్రార్థించబోయి.

సుందరికి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె లాగౌట్ నొక్కి ఫోన్ నా చేతికిచ్చింది.

"రూబీకి సెప్పకు మావా. నన్నెలాగూ వద్దనుకున్నాది. నిన్ను కూడా వద్దనుకుంటే దానికెవులున్నారు?"

"నా తప్పు నువ్వు మొయ్యడమేటమ్మా?"

"ఆర్నెల్లు మోసినాను కదా, అలవాటైపోనాది" అని నవ్వబోయి, నవ్వు రాక వంటింట్లోకి వెళ్లిపోయింది.

నా కోడలు నిర్దోషి అని తెలిసిన సంతోషంలో రెండు రాత్రులు నిద్రలేదు. ఆ సంతోషం కిందే నా సిగ్గూ ఉంది. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే, ఆమెకి రెండు ముక్కలు రాయి. వచ్చే ఆదివారం బల్లకి ముందు నేనే సంఘంలో లేచి చెబుతాను. చుట్టాలకి మాత్రం నువ్వు చెప్పాలి. నేను చెబితే కోడల్ని కాపాడుతున్నాననుకుంటారు.

ఇట్లు,
నీకు తెలియక కీడు చేసిన నీ నాన్న,
జ్ఞానానందం.

చెప్పవలసినవాళ్లు:
బొండపల్లి పెద్దత్త.
సాలూరు చిన్నాన్న, పిన్ని.
కొత్తవలసలో సుందరి అమ్మానాన్నలు. వాళ్లకి అందరికంటే ముందు.
విక్టర్‌కి నేను చెప్పాను. అన్నం మధ్యలో లేచిపోయాడు.
మీ అమ్మకి. పక్కగదిలోనే ఉంది, నాకు నోరు రాలేదు.