నువ్వు నన్ను కసిరితే నవ్వేవాళ్ళు

సుగుణా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. పొద్దుటి నుంచి స్టూడియోలో నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. లైట్లు నాలుగుసార్లు జరిపాను. తుడిచిన లెన్సే మళ్ళీ తుడిచాను.

జనం నా కెమెరా ముందు ఎందుకు నవ్వేవాళ్ళో ఇప్పుడు తెలుస్తోంది. నువ్వు నా వెనక నిలబడి, "ఏవండీ, తీస్తారా, వాళ్ళ చేత ఇక్కడే కాపురం పెట్టిస్తారా?" అని కసిరేదానివి. పెళ్ళాం చేత చీవాట్లు తింటున్న నన్ను చూసి, ఎంత బిగుసుకు కూర్చున్నవాళ్ళయినా నవ్వేసేవాళ్ళు. ఇప్పుడు నేను "నవ్వండి, నవ్వండి" అంటుంటే పళ్ళికిలిస్తున్నారు, అంతే.

ఇవాళ ఉయ్యూరు నుంచి బస్సెక్కి సుబ్బారావు గారూ, ఆయన భార్యా వచ్చారు. వాళ్ళ షష్టిపూర్తి ఫోటో మనమే తీశాం, గుర్తుందా? "మీ ఆవిడేది బాబూ?" అని అడిగిందావిడ. పుట్టింటికెళ్ళిందన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు.

ఇద్దరూ కర్రల్లా కూర్చున్నారు. నేను స్టాండు అటు జరిపి, ఇటు జరిపి పావుగంట గడిపాను. ఆవిడకి విసుగొచ్చి, అప్పట్లో నువ్వు కసిరిన మాటే అచ్చం నీలాగే అనేసింది: "ఏవండీ, తీస్తారా, మా చేత ఇక్కడే కాపురం పెట్టిస్తారా?"

సుబ్బారావు గారు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. అంత మంచి నవ్వు నేను చూసి ఏడాదయింది. అయినా బటన్ నొక్కలేదు. వెనక్కి తిరిగి చూశాను.

మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ నవ్వడం లేదు.

"ఎప్పుడు పోయింది, బాబూ?" అంది.