ఆ రొయ్యల సూపు ముట్టుకోకండి

అత్తయ్యగారూ,

స్టవ్ మీదున్న సూపు ముట్టుకోకండి, పారబొయ్యండి. చిన్ని పక్కింటి కరుణగారి దగ్గర ఉంది. మీరు ఫోన్ ఇంట్లోనే వదిలేసి చర్చికి వెళ్ళారు, అందుకే ఈ చీటీ.

మీ అబ్బాయిని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. చిన్ని పుట్టిన ఆస్పత్రికే. పెదాలు, కళ్ళు వాచిపోయాయి, ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు వినిపిస్తోంది. బీరువాలో ఆయన పాత మందుల ఫైలు తీసుకుని వెంటనే రండి.

ఫిల్మ్ నగర్ స్టూడియోలో మూడు రోజులు ఫైట్ సీన్ల డబ్బింగ్‌కు అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయిందని, పుల్లగా కారంగా ఆ థాయ్ సూపు చేశాను. ఆయనకు రొయ్యలు పడవని మీరు చెప్పింది మర్చిపోలేదు. మన పులుసుకు చేసినట్టే ముక్కలన్నీ తీసేసి నీళ్ళు మాత్రమే పోశాను. ఆ నీళ్ళు రొయ్య తలకాయలు మరిగించినవేనని అప్పుడు తట్టలేదు.

ఇందాక నా పేరు పిలవబోయారు. గొంతు రాలేదు.

అంబులెన్స్ వచ్చింది. ఆయన ఇంటికొచ్చాక మీరు ఎంత తిట్టినా పడతాను. అక్కడ మాత్రం నన్నేమీ అనకండి.

జెరూష

ఆయన రెండో గిన్నె వద్దన్నారు. నేనే పోశాను.