మణికి ఎన్నేళ్లు

జూన్ 3, మంగళవారం
మణి పొట్ట కింద గడ్డ నిమ్మకాయంత అయింది. పోయిన నెల ఉసిరికాయంతే.

జూన్ 4
నేను, అవ్వ కుక్కల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. షేర్ ఆటో వాడు కుక్కని ఎక్కించుకోనన్నాడు... నడిచాం.
"వయసెంత?" అన్నాడు డాక్టర్. ఎవరైనా సూటిగా అడిగితే నాకు మాట రాదు. వెనక నుంచి అవ్వ — "పాపకి చెవులు కుట్టించిన వారమే వచ్చినాడు సార్!" డాక్టర్ నవ్వాడు.
ఆ రోజు చెల్లి ఏడ్చిన ఏడుపు నాకు బాగా గుర్తు. దానికి అప్పుడు నాలుగు, ఇప్పుడు పన్నెండు. ఎనిమిది వేళ్లు చూపించా. రాసుకున్నాడు. సోమవారం ఆపరేషన్. ఇంకా ముసలిదైతే మత్తు తట్టుకోదు, చేసేవాడిని కాదన్నాడు.

జూన్ 5
ఫోన్‌లో చూశా. కుక్కకి ఒక ఏడాది మనకి ఏడేళ్లట. సరిగ్గా అట్లా కాదని కింద ఏదో రాసుంది, అర్థం కాలేదు. మణికి యాభై ఆరు.
అవ్వకి డెబ్బై. "అయితే నాకు తమ్ముడే! ఏంరా తమ్ముడా, లెయ్ నా చాప మీంచి." లేవలేదు.

జూన్ 6
అన్నం వదిలేశాడు. చేప తల తిన్నాడు.

జూన్ 7
మణి సూది మందు కార్డు వెతుకుతుంటే పెట్టెలో ఫోటో. మామ ఒళ్లో చెల్లి — గుండుకి చందనం, చెవులకి పోగులు. ఏడాది పిల్ల. కుర్చీ కింద మణి, అరచేయంత.
అమ్మని అడిగా. "చీము పట్టి పోగులు తీసేస్తే మూసుకుపోయినాయి కదా. నాలుగేళ్లకి మళ్లీ కుట్టిస్తిమి. నీకు గుర్తుండేది ఆ రెండోది."
అంటే మణికి పదకొండు. డెబ్బై ఏడు.

జూన్ 8, ఆదివారం
డాక్టరుకి చెప్తే ఆపరేషన్ చెయ్యడేమో, గడ్డ పెరుగుతుంది. చెప్పకపోతే... మత్తులోంచి లేవకపోతే, నా ఎనిమిది వేళ్ల వల్లే.
"రేపు బయపడొద్దు తమ్ముడా, ఆడికి నేనూ వస్తా," అంటోంది అవ్వ.
"తమ్ముడు కాదవ్వా... అన్న." ఫోటో ఇచ్చా. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. కాళ్లు ముడుచుకుని చాప మీద మణికి ఇంకాస్త చోటిచ్చింది.
"డాక్టరుకి చెప్పు."
"నువ్వు చెప్పవ్వా."
"నేను చెప్తే మళ్లీ చెవుల కథే అవుతుంది. నువ్వే చెప్పరా."
డాక్టర్ చీటీ మీదున్న నంబరుకి నాలుగుసార్లు టైప్ చేసి చెరిపేశా. ఐదోసారి పంపించా — మణికి పదకొండు సార్. నేను తప్పు చెప్పా.
చూశాడు. టైప్ చేస్తున్నట్టు వస్తోంది. ఆగింది. మళ్లీ వస్తోంది... మణి నా పాదం మీద తల పెట్టి పడుకున్నాడు. కదలకుండా కూర్చున్నా.