ఫ్యాన్ కింద కూర్చునేవాళ్లు

జనవరి 6, సోమవారం

ట్రైనింగ్ మొదటి రోజు. జిల్లాలోని బ్రాంచ్ లైబ్రరీల స్టాఫ్ అంతా వచ్చారు. ఏసీ హాలు, మెడలో ట్యాగు. ట్యాగు మీద అనురాధ, లైబ్రరీ అసిస్టెంట్, బమ్రోలి బ్రాంచ్ అని ఉంది. కాంట్రాక్ట్ అని రాయలేదు. బతికించారు.

లంచ్‌లో కామ్‌రేజ్ బ్రాంచ్ అమ్మాయి నా పక్కన కూర్చుంది. మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగింది. టెక్స్‌టైల్ లైన్ అన్నాను. అబద్ధమేం కాదు. సూరత్‌లో టెక్స్‌టైల్ లైన్ అంటే సలాబత్‌పురాలో నాలుగు దుకాణాలున్న సేఠూ కావచ్చు, మరమగ్గాల మధ్య నిలబడి తెగిన పోగులు ముడేసే మా బాపూ కావచ్చు. షాపు ఏ మార్కెట్లో అని మళ్లీ అడిగింది. నోటినిండా ఢోక్లా పెట్టుకున్నాను.

జనవరి 8, బుధవారం

ఆఖరి రోజు. పొద్దున్నంతా గ్రాంట్ గొడవే. వేరే భాషల పుస్తకాలున్న బ్రాంచ్‌లకు విడిగా గ్రాంట్ ఇస్తారట. షెల్ఫ్ వాడకంలో ఉంటే కొత్త పుస్తకాలు, పేపర్లు, కుర్చీలు వస్తాయి. లేకపోతే ఉన్న పుస్తకాలు గోడౌన్‌కు పోతాయి, ఆ చోట పోటీ పరీక్షల గైడ్లు పెడతారు. ఈ నెల్లోనే ఇన్‌స్పెక్షన్.

మా బ్రాంచ్‌లో తెలుగు షెల్ఫ్ ఉంది. సూరత్‌కు వలసొచ్చిన మనవాళ్లు చందాలేసుకుని సిరిసిల్ల, కరీంనగర్ బస్సుల్లో తెప్పించిన పుస్తకాలు. అది పోతే బమ్రోలిలో తెలుగు అక్షరం కనిపించేది పెళ్లి కార్డుల మీదే.

మధ్యాహ్నం, పుస్తకాలు పాడుచేసే అలవాట్ల మీద స్లైడ్లు వేశారు. చివరి స్లైడ్‌లో పేజీల మధ్య రంగు దారాలు, అంచున నూనె వేలిముద్ర. వీళ్లు ఏ ఏరియావాళ్లో చెప్పక్కర్లేదనుకుంటా అన్నాడు ట్రైనర్ సర్. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎవరికీ అనుమానం రాకూడదని ఇంకాస్త గట్టిగా నవ్వాను.

ఛీ.

జనవరి 18, శనివారం

బుధవారం ఇన్‌స్పెక్షన్ అని ఫోన్ వచ్చింది. క్లీనింగ్ మొదలుపెట్టాను.

మా తెలుగు పాఠకులు పుస్తకాలు ఇంటికి తీసుకుపోరు. మెంబర్‌షిప్‌కు అడ్రస్ ప్రూఫ్ కావాలి. పదిమంది కలిసి ఒక గదిలో ఉండేవాళ్లకు అడ్రస్ ప్రూఫ్ ఎవడిస్తాడు? బాపుకు మాత్రం రేషన్ కార్డుంది, కావాలంటే కార్డు తీసుకోవచ్చు. తీసుకోడు. మొండయ్య కాక ఆయన కార్ఖానా దోస్తు, ఆ గదుల్లో ఉండేవాడే. మొండయ్య కాకకు లేనిది నాకెందుకు, ఇద్దరం ఆడనే కూసుంటం అంటాడు.

అందుకని కార్ఖానాకు సెలవైన బుధవారం వచ్చి ఇక్కడే చదువుతారు. ఆపిన చోట, ఆ వారం సాంచ మీద, అంటే మరమగ్గం మీద, నడుస్తున్న పోగు ఒక ముక్క పెట్టి పోతారు. ఎవరి రంగు వాళ్లది, ఎవరి ముడి వాళ్లది. ఒకే పుస్తకంలో ముగ్గురి పోగులుంటాయి. ఒకరిది ఇంకొకరు ముట్టుకోరు. ఎవరు పెట్టిన రూలో తెలియదు.

నేను ముట్టుకున్నాను. అన్నీ లాగేశాను. స్లైడే కళ్ల ముందు ఆడుతోంది మరి. అట్టలు తుడిచాను, నూనె మరకలు రబ్బరుతో రుద్దాను. అట్ట పోయిన లావు నవలలో ఆకుపచ్చ పోగు, రెండు ముడులు. బాపుది. గుర్తుపట్టే తీశాను. వెతుక్కుంటాడులే అనుకున్నాను. మొత్తం చెత్తబండిలో వేశాను.

షెల్ఫ్ కొత్త పెళ్లికూతురిలా ఉంది.

జనవరి 22, బుధవారం

ఇన్‌స్పెక్షన్ మేడమ్ పొద్దున్నే వచ్చారు. బాపుకు సెలవు రోజు. ఇవాళ రావద్దని చెప్పాలనుకున్నాను, ఎట్లా చెప్పాలో తోచక ఊరుకున్నాను. వచ్చాడు. రోజూ కార్ఖానాకు వేసుకునే అదే చొక్కా, జుట్టులో దూది. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

మేడమ్ ఇష్యూ రిజిస్టర్ చూశారు. తెలుగు పుస్తకాల కాలమ్ దాదాపు ఖాళీ. పుస్తకాలు తీసి చూశారు. ఇంత శుభ్రంగా ఉన్నాయంటే ఎవరూ ముట్టుకోవడం లేదన్నమాట అన్నారు. అప్పుడే చెప్పాల్సింది. 

మొండయ్య కాక కిటికీ కింద చప్పుడు చేయక కూర్చున్నాడు. ఆ మూల బాపు లావు నవల పట్టుకుని ముందుకూ వెనక్కూ పేజీలు తిప్పుతున్నాడు. పోగు కోసం. నా పోగు ఏడ పాయె బిడ్డా అని హాలంతా వినబడేట్టు అడిగాడు. సాంచల మోతలో చెవులు పోయినవాళ్లు, మెల్లగా మాట్లాడటం చేతకాదు. మేడమ్‌కు తెలుగు రాదు. మనవైపు పెద్దవాళ్లు ప్రతి ఆడపిల్లనూ బిడ్డా అనే అంటారు. ఆ రెండూ నన్ను కాపాడాయి.

ఎవరాయన, చదువుతున్నాడా ఆడుకుంటున్నాడా అని మేడమ్ అడిగారు.

ఎవరో తెలియదు మేడమ్ అన్నాను. సాంచల మనుషులు, చదివేదేం లేదు, ఫ్యాన్ కింద కూర్చోవడానికి వస్తారు అన్నాను. హిందీలో, మెల్లగా, దాదాపు గుసగుసగా అన్నాను.

మేడమ్ రాసుకున్నారు.

జనవరి 23, గురువారం

బాపు మామూలుగానే ఉన్నాడు. చాయ్ తాగి డ్యూటీకి పోయాడు. వినపడలేదు. బతికిపోయాను.

జనవరి 29, బుధవారం

బాపు లైబ్రరీకి రాలేదు. మొండయ్య కాక ఒక్కడే వచ్చి, మీ బాపుకు పానం బాగలేదా అని అడిగి, పేజీలు కాసేపు తిప్పి, తాను ఎక్కడ ఆపాడో ఈ వారం కూడా దొరక్క వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికొస్తే బాపు మంచం మీద పడుకుని పైకి చూస్తున్నాడు. ఏందయ్యా, ఇయ్యాల సదువుకోను పోలేదేంది అని అమ్మ అడిగింది.

ఎందుకు పోవాలె, ఇంట్ల ఫ్యాన్ ఉన్నది గదా అన్నాడు.



జనవరి 30, గురువారం

ఆయన విననే లేదు. చూశాడు.

నేనెంత మొద్దుదాన్ని! కార్ఖానాలో పిడుగు పడ్డా వినపడదు. అక్కడ అందరూ పెదాలతోనే మాట్లాడుకుంటారు. ఒరియావాళ్లు, బిహారీలు, మనవాళ్లు, అందరికీ కలిపి హిందీలో. ఈ గోడ దగ్గరివాడు జోక్ చేస్తే ఆ గోడ దగ్గరివాడు నవ్వుతాడు. చిన్నప్పుడు టిఫిన్ తీసుకుపోయి వాకిట్లో నిలబడి, బాపూ ఆకలైతుందా అని నేనూ పెదాలతోనే అడిగేదాన్ని. ఆ చివర నుంచి అయితున్నది బిడ్డా అనేవాడు. నాకు తెలిసినంత ఎవరికి తెలుసు?

గుసగుసగా చెప్పానట. తెలివి!

ఎవరో తెలియదు అన్నప్పుడు ఆయన నన్నే చూస్తూ ఉండి ఉంటాడు.  అన్నం తినలేకపోతున్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

రిపోర్టు వచ్చింది. తెలుగు షెల్ఫ్‌కు గ్రాంట్ అక్కర్లేదు. నెలాఖరుకు పుస్తకాలు గోడౌన్‌కు పంపాలి. కారణం కింద నా మాటే ఉంది. సందర్శకులు ఫ్యాన్ కోసం వస్తారని శిక్షణ పొందిన స్టాఫ్ తెలిపారట. బ్రాంచ్ శుభ్రత మాత్రం ఎక్సలెంట్ అట. ట్రైనింగ్ వాట్సాప్ గ్రూపులో అందరూ నాకు చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

బాపుకు చెప్పేశాను. షెల్ఫ్ పోతోందని, పోగులు తీసింది నేనేనని, ఆ మాట అన్నది నేనేనని. సిగ్గుపడ్డాను బాపూ అన్నాను. నీ చొక్కాకు, నీ గొంతుకు, ఆ మేడమ్ ముందు సిగ్గుపడ్డాను అన్నాను. ఏడ్చాను.

ఓదార్చలేదు. పాన్ నమిలాడు. ఆ కిటికి కింద సప్పుడు చేయక కూసున్న మొండయ్యను కూడ గట్లనే అంటివి గదా, నన్నంటే నేను పడ్త, ఆయన ఏం చేసిండు నీకు అన్నాడు. 

కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. నాకు చెప్పుడెందుకు, ఎవలకు చెప్పినవో వాళ్లకే పోయి చెప్పు అన్నాడు. నువ్వూ రా బాపూ అన్నాను. ఆడ ఫ్యాన్ ఉంటదా అని అడిగాడు. అమ్మ కసిరింది. బాపు కొంచెం నవ్వాడు, నాకు ఇంకా ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

రేపు ఇస్త్రీ చొక్కా వేసుకో బాపూ అనబోయి నాలుక కరుచుకున్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

మేడమ్ ఆఫీసు. ప్యూన్ బాపును లోపలికి రానివ్వలేదు. గాజు తలుపు అవతల బెంచీ మీద కూర్చున్నాడు. అదే చొక్కా.

మేడమ్ కుర్చీ చూపించారు. కూర్చుంటే తలుపుకు వీపు పడుతుంది, బాపుకు నా పెదాలు కనబడవు. నిలబడే చెప్పాను. పోగులు తీసింది నేను, బుధవారాలు వాళ్లు వచ్చి చదువుతున్నారనడానికి గుర్తులు అవే, ఫ్యాన్ మాట అబద్ధం అన్నాను. ఆమె రిపోర్టు తీసి మళ్లీ చదివారు. పుస్తకాలు కదిలించకండి, ఒక బుధవారం మళ్లీ వస్తాను, నీ సంగతి తర్వాత చూద్దాం అన్నారు. ఇంతకీ ఆ రోజు ఆ మూల కూర్చున్నాయన ఎవరని అడిగారు.

గాజు వైపు తిరిగాను. చిన్నప్పుడు కార్ఖానా వాకిట్లో లాగా చప్పుడు లేకుండా, పెదాలు మాత్రం బాగా విప్పి చెప్పాను. మా బాపు.

గాజు అవతల బాపు పెదాలు కదిలాయి. జర గట్టిగ చెప్పు బిడ్డా అన్నాడు.

గట్టిగా చెప్పాను.