గరగర లేని క్యాసెట్టు

ఒరేయ్ మస్తానూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు చచ్చేదాకా వెతికిన ఆ ఇంగ్లీషు గిటారు పాటల క్యాసెట్టు, గరగర లేనిది, మొన్న గుంటూరులో దొరికింది. తెచ్చి నీ రేడియో రిపేరు కొట్లోనే పెట్టాను. ఇప్పుడు కొట్టు మీ తమ్ముడు సైదా చూసుకుంటున్నాడు.

మన పాత క్యాసెట్టు ఎట్లా తయారైందో నీకు తెలుసు. ఎవరిదో టేపురికార్డరు అడిగి తెచ్చి, మన దానికి ఎదురుగా పెట్టి, తలుపులు మూసి, ఊపిరి కూడా గట్టిగా తీయొద్దని అందర్నీ బెదిరించి పాటలు ఎక్కించావు. గిటారు మంచి ఊపులో ఉండగా నేను కోడిలా కూశాను. "ఒరేయ్ ఎదవా, నోర్ముయ్యరా!" అన్న నీ కేకా అందులోనే పడింది. పిడుగురాళ్ల సున్నం లారీ హారనూ పడింది. ఇదేందని ఎవరైనా అడిగితే, "అసలు రికార్డే అంత. తెల్లోళ్లు స్టూడియోలో కోళ్లు పెంచుతారు" అని నేనే నమ్మించేవాణ్ణి.

కొత్తదాంట్లో ప్రతి తీగా విడివిడిగా వినపడుతోంది. సైదా మురిసిపోయాడు.

"చానా బాగుంది గదన్నా! మా అన్న వినుంటేనా..." అంటూ సౌండు పెంచాడు.

నాకు మాత్రం అలసటగా ఉందిరా. ఈ మధ్య ఎవర్నీ ఏడిపించబుద్ధి కావడం లేదు. అయినా పాటలో ఆ చోటు రాగానే, అలవాటు కొద్దీ, కొక్కొరోకో అన్నాను.

పాట ఆగకుండా సాగిపోయింది. ఎవరూ తిట్టలేదు.